తక్కువ దిగిన సరుకు

ముప్పై నాలుగేళ్లు హార్బర్లో లెక్కలు రాశాను.
నాలుగు బస్తాలకి నాలుగు నిలువు గీతలు, అయిదో దానికి అడ్డగీత.
తడిసింది తడిసిందని,
చిరిగింది చిరిగిందని,
అసలు రానిదాన్ని తక్కువ దిగిందని.

ఇప్పుడు రాయపురం మేడ మీద పద్నాలుగు గ్రో బ్యాగులు.
అలవాటు పోలేదు.
పొద్దున్నే రాలిన పసుపు పూలు ఏరి లెక్కపెడతాను.
ఏప్రిల్ పదకొండు: నలభై ఆరు.
ఏప్రిల్ పన్నెండు: యాభై రెండు.
కాయలు: నిల్.

మొక్కలో లోపం లేదు.
నడుమెత్తు పెరిగింది,
ఆకు నలిపితే ఆ పచ్చి వాసన
రెండు సబ్బులకి కూడా లొంగదు.
లోపం రాత్రిలో ఉంది.

దీని పుట్టిల్లు పెరూ కొండల వార.
అక్కడ పగలు ఎంత మాడ్చినా
చీకటి పడితే కొండగాలి వచ్చి ఒళ్లు నిమురుతుందట.
ఆ నిమురుడుకే పూవు కాయవుతుంది.
మా రాయపురంలో రాత్రంటే
దీపం ఆర్పేసిన పగలు.
పదకొండింటికి పిట్టగోడ మీద చెయ్యి వేసి చూడండి,
అట్టు పోయొచ్చు.

శనగగింజంత పండు.
మెక్సికో తోటల్లో ఒళ్లు చేసింది,
స్పెయిను ఓడెక్కింది,
తరవాత ఏ పోర్చుగీసు ఓడలోనో ఇటు.
ఆ రోజు రేవులో గుమాస్తా ఎవరో గాని
ఎంట్రీ రాయలేదు.
నాకది ఇప్పటికీ కడుపుమంట.
పేరు లేకుండా దిగిన సరుకు కదా,
ఇక్కడివాళ్లు దొడ్లో కామంచికి పెట్టుకున్న పేరులోంచి
సగం తుంచి తక్కాళి అన్నారు.
మా అమ్మ కావలి నుంచి కాపురానికొస్తూ
రామములగ అనే మాట వెంట తెచ్చింది.
ఈ వీధిలో దానికి బదులు పలికినవాళ్లు లేరు.

కింద వాటాలో పూంగొడి
కాసిమేడు ఐసు ఫ్యాక్టరీలో పని.
"చలి కావాలంటే చెప్పకూడదా" అని
సాయంత్రం గోనెలో చుట్టి ఒక గడ్డ మోసుకొచ్చింది.
చేపల వాసనేసే ఆ గడ్డ చుట్టూ
బ్యాగులన్నీ జరిపి
ఇద్దరం కాపలా కూచున్నాం, పురిటింటి ముందులా.
పొద్దున్నకి నీళ్లు.
రాలినవి నలభై తొమ్మిది.
మూడు తగ్గాయి చూశావా అని ఆవిడ,
మూడు గీతలు కొట్టి నేను.

వాళ్లత్తగారు మాత్రం మంచం మీంచి లేవకుండానే తేల్చేసింది:
ఎండల్లో కాదురా,
పురట్టాసిలో గింజ వెయ్యి, మార్గళి చూసుకుంటుంది.

వేశాను.
తెల్లదోమ వచ్చింది, ఆకులు ముడుచుకుపోయి మూడు మొక్కలు చచ్చాయి.
నవంబరు గాలివానకి రెండు బ్యాగులు
పక్కింటి రేకుల మీద దిగాయి.
మిగిలినవి తొమ్మిది.
తుమ్మెద వచ్చి పూవుని పట్టుకుని జుమ్మంటే తప్ప
పుప్పొడి సరిగా రాలదంటారు.
మా వీధికి తుమ్మెద ఎక్కడిది?
గడ్డం గీసుకునే మిషను ఆన్ చేసి
ఒక్కో కాడకీ ఆనించాను.
ఎదురు మేడ పిల్లలు నవ్వి నవ్వి చచ్చారు.

డిసెంబరు పద్దెనిమిది, తెల్లవారుజాము మూడు.
థర్మామీటరులో ఇరవై ఒకటి.
మఫ్లరు కట్టుకుని నిలబడ్డాను.
ఒక పూవు వాడిపోయింది, రాలలేదు.
దాని గర్భంలో ఆకుపచ్చగా,
ఆవగింజ కన్నా కాస్త పెద్దది.

అది పండేనాటికి అమ్మ ఆబ్దికం.
"సీమకూర, పనికిరాదు" అన్నాడు వంటాయన
పులుసులోకి చింతపండు పిసుకుతూ.
ఆ చింత కూడా ఎప్పుడో ఆఫ్రికా నుంచి దిగిందేనయ్యా అని
నోటిదాకా వచ్చింది.
ఊరుకున్నాను.
పాత ఎంట్రీలు అందరి ముందూ తిరగెయ్యకూడదు.

అమ్మ మెట్ల మీద కూచుని
ఉప్పు అద్దుకుని కొరుకుతుంటే
రసం మోచేతి దాకా కారేది.
తుడుచుకునేది కాదు.

ఆయన చూడకుండా
పిట్టగోడ చివర ఆ ఒక్క పండూ పెట్టాను.
ఆకులో అన్నం, గారెలు అలాగే ఉండగా
కాకి ముందు దాన్నే ముట్టింది.

పుస్తకం తీసి రాశాను:
దిగింది ఒకటి, మంచి స్థితిలో.
అందుకున్నవారి సంతకం, ముక్కు గీత.

మిగతా పదకొండు కాయలూ ఇంకా పచ్చివే.